ఈ ఓడలో దొడ్డి యాడుంది?

పోయిన నెల ఒక ఆన్‌లైన్ కథాగోష్ఠిలో కూర్చున్నాను. స్క్రీన్ మీద పదహారు డబ్బాలు, అందులో సగం కెమెరాలు ఆపేసినవి. ఒక స్నేహితురాలు తన కథ చదివింది. భూమిని వదిలి వందేళ్ళ ప్రయాణం మీద పోతున్న ఒక అంతరిక్ష ఓడ, అందులో ఆరు వందల మంది, వాళ్ళలో ఒక ముసలామె. ఆమె భూమిని చూసినవాళ్ళలో చివరి మనిషి. కథ బాగుంది. మధ్యలో ఒక పేరా మాత్రం మావాళ్ళకు పంటికింద రాయిలా తగిలింది.

ఆ పేరాలో ఆమె ఒక లెక్క వేసింది. తాగడానికీ వండుకోడానికీ కడుక్కోడానికీ మనిషికి రోజుకు నాలుగు లీటర్లు. ఇది ఇప్పుడు అంతరిక్షంలో ఉంటున్నవాళ్ళకు నాసా వేసే లెక్కకు దగ్గరే. ఆరు వందల మందికి 2400 లీటర్లు. వాడిన నీళ్ళలో, చెమటా మూత్రమూ కలిపి, 98 శాతం తిరిగి పట్టుకోవచ్చని నాసా 2023లో ప్రకటించింది. మిగతా రెండు శాతం పోతుంది. అంటే రోజుకు 48 లీటర్లు. వందేళ్ళకు 17 లక్షల 52 వేల లీటర్లు. కథలోని ముసలామె ఈ అంకె విని, తన ఊరి కొలతలో చెప్పుకుంటుంది: మూడు వందల యాభై ట్యాంకర్లు. మా వీధికి వారానికి ఒక ట్యాంకరు వచ్చేది, అంటుంది.

చదవడం అయింది. గోష్ఠికి పెద్ద లాంటి ఒక విమర్శకుడు నవ్వి, 'ఇది కథా, ఎక్సెల్ షీటా?' అన్నారు. నలుగురైదుగురు నవ్వు బొమ్మలు పెట్టారు. సాహిత్యానికి మనిషి ముఖ్యం గానీ లీటర్లు ముఖ్యం కాదని ఆయన వివరించారు. ఓడలో ఎంతమంది, ఎన్ని గదులు, ఎన్ని నీళ్ళు, ఇవన్నీ ఫ్యాన్ కుర్రాళ్ళ సరదా అనీ, ఇంజనీర్ల జబ్బు అనీ అన్నారు. ఆమె తలూపింది. ఆ పేరా తీసేసింది. నేను మ్యూట్‌లో ఉన్నాను. ఉద్యోగంలో నేర్చిన చెడ్డ అలవాట్లలో అదొకటి. అప్పుడు అనాల్సింది ఇప్పుడు అంటున్నాను.

ఆ పేరా ఒక్కటే ఆ కథలో సాహిత్యం. మిగతాదంతా మనం ఇంతకు ముందు చదివిందే.

కోపంతో అన్న మాట కాదిది. మాది కమలాపురం, కడప జిల్లా. ఊరి పక్కన పాపాఘ్ని. ఏడాదిలో ఎక్కువ నెలలు అందులో ఇసుకే కనిపిస్తుంది. 2021 నవంబర్లో మాత్రం వంతెన కూలేంత వరద వచ్చింది. మాది మట్టిమిద్దె. నేల మీద కడప బండలు, పైన గవాచి. మావైపు పాత ఇళ్ళను చదరపు అడుగుల్లో చెప్పరు, అంకణాల్లో చెప్తారు. రెండు దూలాల మధ్య జాగా ఒక అంకణం. కొలత ఊరికో రకంగా ఉంటుంది గానీ, స్థలాల లెక్కకు వచ్చేసరికి అంకణమంటే 36 చదరపు అడుగులు అనుకునేవాళ్ళు ఎక్కువ. ఆ లెక్కన మాది పన్నెండంకణాల ఇల్లు. మనుషులం ఎనిమిది మంది. అవ్వ, నాయన, అమ్మ, చిన్నాయన, చిన్నమ్మ, మేం ముగ్గురు పిల్లలం. తలకు ఒకటిన్నర అంకణం.

దూరదర్శన్‌లో 'కేప్టెన్ వ్యోమ్' వచ్చే రోజుల్లో నేను గ్రాఫు కాగితం మీద ఒక అంతరిక్ష ఓడ గీశాను. ముందు కాక్‌పిట్, వెనక ఇంజన్లు, మధ్యలో లేజర్ తుపాకులు. అవ్వకు చూపించాను. ఆమెకు చదువు రాదు గానీ బొమ్మలో ఏది యాడుందో అడిగి తెలుసుకుంది. అంతా విని, 'దొడ్డి యాడుంది రా?' అంది. లేదన్నాను. 'నీళ్ళు యాన్నుంచి వస్తాయి?' తెలీదన్నాను. 'మరి నేను యాడ పండుకోవాల?' అంది. ఆమె వస్తుందని నేను అనుకోలేదు. ఓడలో కేప్టెన్ ఒక్కడే ఉన్నాడు. అది నేనే.

ఆ మూడు ప్రశ్నలూ పట్టుకుని చూస్తే మనం మెచ్చుకునే అంతరిక్ష కథలు ఎన్ని నిలబడతాయి?

ముందు అందరికీ తెలిసిన ఓడ. 'స్టార్ ట్రెక్' ఎంటర్‌ప్రైజ్. 1960లలో తీసిన తొలి పైలట్‌లో అందులో 203 మంది. సీరియల్ వచ్చేసరికి 430. పొడవు 289 మీటర్లు, ముందున్న పళ్ళెం వ్యాసం 127 మీటర్లు. ఆ పళ్ళెంలో ఒక్క అంతస్తు తీసుకున్నా పన్నెండు వేల పైచిలుకు చదరపు మీటర్లు వస్తుంది. 430 మందికి పంచితే తలకు దాదాపు తొమ్మిది అంకణాలు. ఒక్క అంతస్తులోనే! 1987లో మొదలైన తర్వాతి సీరియల్లో ఓడ పెరిగింది, పెళ్ళాం పిల్లలతో సహా వెయ్యి మంది ఎక్కారు. 1991లో అచ్చేసిన దాని సాంకేతిక మాన్యువల్ ప్రకారం మనిషికి నివాస జాగా సుమారు 110 చదరపు మీటర్లు. ముప్ఫై మూడు అంకణాలు. హైదరాబాదులో నా టీంలో ఇద్దరు జీతాలు కలిపి ఈఎంఐ కట్టే ఫ్లాటు అంత లేదు.

నాకు స్టార్ ట్రెక్ ఇష్టమే. చూస్తూనే ఉంటాను. కానీ ఆ ముప్ఫై మూడు అంకణాలు ఎవరు ఊడుస్తారు? అన్ని వందల మందిలో చీపురు పట్టిన మనిషి నాకు కనబడలేదు. గోడలోంచి కాఫీ వస్తుంది, ఖాళీ కప్పు గోడలోకే పోతుంది. ఆ లోటు ఆ సీరియల్ వాళ్ళకే తెలిసింది కాబోలు, 2020లో 'లోయర్ డెక్స్' అని యానిమేషన్ తీసి, చిన్న ఉద్యోగులు నడవలో బంకుల్లో పడుకున్నట్టు చూపించారు. మొదటి ఓడ ఎగిరిన యాభై నాలుగేళ్ళకు. దాన్ని కామెడీగా తీయాల్సి వచ్చింది, అది వేరే సంగతి.

నిజం ఓడ సంగతి చూడండి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో మనుషులు మసలగల జాగా 388 ఘనపు మీటర్లు. మామూలుగా ఏడుగురు. ఒక్కొక్కరి సొంతానికి దక్కే పడక పెట్టె రెండు ఘనపు మీటర్లు ఉంటుంది, అంటే మా అమ్మ పెళ్ళి బీరువా కంటే కాస్త పెద్దది. 2025 జూన్‌లో శుభాంశు శుక్లా వెళ్ళినప్పుడు కేంద్రంలో పదకొండు మంది అయ్యారు. చుట్టాలొచ్చిన ఇంట్లోలాగా, పెట్టెలు దక్కనివాళ్ళు ఇంకెక్కడో సంచీ కట్టుకుని పడుకోవాల్సిందే. ఈ ఒక్క వాక్యంలో నాకు కథ కనిపిస్తుంది. ఎవరు పెట్టె వదులుకున్నారు? ఎవరు వద్దన్నారు? ఎవరి గురక ఎవరికి వినబడింది?

అంత దూరం పోలేనివాళ్ళకు విశాఖలో ఆర్కే బీచి ఉంది. ఐఎన్ఎస్ కుర్సురా జలాంతర్గామిని 2001లో సేవ నుంచి తప్పించి, 2002లో మ్యూజియం చేశారు. తెలుగు నేల మీద టికెట్ కొని లోపల నడవగలిగే ఏకైక అంతరిక్ష ఓడ అది, నా దృష్టిలో. 91 మీటర్ల పొడవు, 75 మంది. తలకు పొడవులో నాలుగడుగులు. (ఎంటర్‌ప్రైజ్‌ని ఇలాగే పొడవుతో భాగిస్తే తలకు రెండడుగుల చిల్లర వస్తుంది. పొడవు లెక్క అంత మోసం. అంకెలు వాడమంటున్నానే గానీ అంకెల్ని గుడ్డిగా నమ్మమనడం లేదు.) ఒకసారి అమ్మను తీసుకుపోయాను. టార్పెడో గొట్టాల దగ్గర అందరూ ఫోన్లు తీశారు. అమ్మ వంట జాగా దగ్గర ఆగింది. ఎంతసేపటికీ కదల్లేదు. 'డెబ్బై ఐదు మందికి ఇంత పొయ్యేనా?' అంది. తర్వాత చెయ్యి చాచి ఒక బంకు వెడల్పు జానలతో కొలిచింది.

సంకల్ప్ రెడ్డి 2017లో 'ఘాజీ' తీశారు, 2018లో 'అంతరిక్షం 9000 కె.ఎం.పి.హెచ్.' తీశారు. దర్శకుడు ఒకడే, రెండూ మూసిన డబ్బాల్లో నడిచే కథలే. ఘాజీలో నాకు చెమట వాసన వచ్చింది. ఒకరినొకరు రాసుకోకుండా నడవలేని ఇరుకులో, ఇద్దరు అధికారుల మధ్య గొడవ మొత్తం ఓడకు వినబడుతుంది; దాచుకునే చోటు లేదు. ఆ సినిమాలో సగం నాటకం ఆ జాగా లేకపోవడం వల్లే పుట్టింది. రెండో సినిమాలో సాంకేతిక శ్రమ ఉంది, తెలుగులో ఆ మాత్రం తెగించినందుకు మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ ఓడలో మనుషులు ఎక్కడ పడుకుంటారో, ఎవరి మోకాలు ఎవరికి తగులుతుందో నాకు తెలియలేదు. గాల్లో తేలడం చూపించారు. తేలుతూ బతకడం కనబడలేదు. మొదటి సినిమాకు చూసుకోడానికి కళ్ళముందు నిజం జలాంతర్గాములు ఉన్నాయి, రెండోదానికి హాలీవుడ్ ఉంది. నా అనుమానం అది.

'కల్కి 2898 ఏడీ'లో కాంప్లెక్స్ ఉంది. తలకిందుల పిరమిడ్డు. లోపలికి పోవాలంటే పది లక్షల యూనిట్లు. ధర చెప్పారు, సంతోషం. మూడు గంటలు కూర్చుని బయటికి వచ్చాక లోపల ఎంతమంది ఉంటారని అడిగితే నా దగ్గర జవాబు లేదు. వందమందా, లక్షమందా? వందమందైతే అది కోట. లక్షమందైతే అది నగరం. ఆ నగరంలో మళ్ళీ ఎవరో మురిక్కాలవ తీస్తుండాలి, లోపలివాళ్ళలోనే ఒకరు బయటివాళ్ళై ఉండాలి. రెండూ రెండు వేరే కథలు. అంకె చెప్పకపోతే ఏ కథ చెప్తున్నారో చెప్పనట్టే.

ఇక్కడ ఒక మిత్రుడు పుష్పక విమానం గుర్తు చేస్తాడు. చేశాడు కూడా. మన సంప్రదాయంలో ఓడకు లెక్క లేదు, పుష్పకంలో ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుంటుంది, అదీ మన కల్పన గొప్ప, పాశ్చాత్యుల్లాగా మనం సీట్లు లెక్కపెట్టం అన్నాడు.

ఈ మాటకు నా దగ్గర సాహిత్య సమాధానం లేదు. ఇంటి సమాధానం ఉంది. మా పన్నెండంకణాల ఇంటికి ఉరుసుకో, పెళ్ళికో, ఊరికేనో బంధువులు దిగేవాళ్ళు. 'మా ఇంట్లో ఎంతమంది వచ్చినా చోటుంటాది' అని నాయన గొప్పగా చెప్పేవాడు. అబద్ధం కాదు. ఎప్పుడూ చోటు ఉండేది. నాయన మంచం నాయనదే, చుట్టాల మగవాళ్ళకు పంచలో చాపలు, ఆడవాళ్ళకు నడింట్లో. అమ్మ వంటింట్లో, సంగటి కెలికిన కుండ పక్కన, కాళ్ళు ముడుచుకుని పడుకునేది. ఇంజనీరింగు రెండో ఏడాదిలో హాస్టలు గదికి నలుగురం అయినప్పుడు గానీ నాకది తట్టలేదు. ఎంతమంది వచ్చినా మిగిలే ఆ ఒక్క చోటు అమ్మది. ఆమె లేచి ఇస్తే మిగిలింది.

కాబట్టి ఎవరైనా నా ముందు పుష్పకం పేరెత్తితే, ఆ రాత్రి ఎవరు ముడుచుకుని పడుకున్నారని అడగాలనిపిస్తుంది. లెక్క వేయకపోవడం ఔదార్యంలా కనిపిస్తుంది. లెక్క వేయనిచోట నష్టం ఎప్పుడూ ఒకే మనిషికి పోతుంది.

అమ్మ సంగతి చెప్పి ఊరుకుంటే నేనూ దొంగనే అవుతాను. మా ఇంట్లో అంట్లు తోమి, గాట్లో పేడ ఎత్తే ఆమె ఒకరు ఉండేవాళ్ళు. పొద్దున్నే వచ్చి సాయంత్రం దాకా. అంటే రోజులో సగం ఆ ఇంట్లో తొమ్మిదో మనిషి. ఇంతకు ముందు తలకు ఒకటిన్నర అంకణం అని చెప్పినప్పుడు నేను ఆమెను కలపలేదు. మీరు గమనించే వీలూ లేదు. ఆమె గ్లాసు పంచలో గూట్లో వేరుగా ఉండేది. గ్రాఫు కాగితం మీద గీసిన ఓడలో అవ్వ అడిగాక దొడ్డి గీశాను, నీళ్ళ తొట్టి గీశాను, అవ్వకు మంచం గీశాను. 'ఎవరు కడుగుతారు?' అని అవ్వ అడగలేదు, నాకూ తోచలేదు. తర్వాత ఎప్పుడో ఒక రోబోను గీశాను. మన కథల్లో రోబోలు ఎందుకు అంత తొందరగా వస్తాయో ఆలోచిస్తే నాకు ఆ గూట్లో గ్లాసు గుర్తొస్తుంది.

అంతరిక్షానికి పోతే కులం ఉండదు అని రాసేవాళ్ళున్నారు. ఎలా పోయిందో మాత్రం రాయరు. దీనికీ లెక్కే కావాలి. తరాల తరబడి సాగే ప్రయాణానికి కనీసం ఎంతమంది ఉండాలని శాస్త్రవేత్తలు నిజంగానే లెక్కలు కట్టారు. ఫ్రెడెరిక్ మారిన్, కమీ బెలుఫీ 2018లో కంప్యూటర్ మీద నడిపి చూసి, ప్రాక్సిమా దాకా 6300 ఏళ్ళ ప్రయాణానికి 98 మందితో మొదలైనా చాలన్నారు. కామెరాన్ స్మిత్ 2014లో నలభై వేలు ఉంటే నిశ్చింత అన్నాడు. 98కీ నలభై వేలకూ మధ్య ఇంత తేడా ఎందుకు? ఒక కారణం, 98 మందితో నెగ్గాలంటే ఎవరు ఎవరితో పిల్లల్ని కనాలో ఓడ నిర్ణయించాలి. దగ్గర రక్తం కుదరదు.

ఇప్పుడు ఆ ఓడలో మావాళ్ళను ఎక్కించండి. మేనత్త కొడుకునో మేనమామ కూతుర్నో చేసుకుంటే పుట్టేవాళ్ళ అంతఃప్రజనన గుణకం 6.25 శాతం, అక్క కూతుర్ని చేసుకుంటే 12.5 శాతం. మావైపు రెండూ మర్యాదస్తుల పెళ్ళిళ్ళే. మేనమామకు అక్క కూతురి మీద హక్కుందని నమ్మే మనిషికి ఓడ కంప్యూటర్ 'కుదరదు' అని చెప్పే రోజు ఎలా ఉంటుంది? ఇంకా ముందుకు పోండి. కులంలోనే చేసుకోవాలంటే మన ఓడకు 98 చాలదు, కులానికో 98 కావాలి. ఎన్ని కులాలు, ఎంత ఓడ? లేదా 98 తోనే బయల్దేరితే రెండో తరానికి కులం తెగిపోవాలి, లేకపోతే ఓడ చావాలి. ఎవరు ముందు ఒప్పుకుంటారు, ఎవరు తలుపు బిగించుకుంటారు? ఇంత కథ ఒక్క అంకెలో ఉంది. మా గోష్ఠి పెద్దాయన అంకెలు తీసేయమంటున్నారు.

బయట మంచి రచయితలు ఈ పని ఎప్పుడో చేశారు. స్వీడిష్ కవి హారీ మార్టిన్‌సన్ 1956లో 'అనియారా' రాశాడు. దారి తప్పిన ఓడలో ఎనిమిది వేల మంది. అది కావ్యం, ఆయనకు 1974లో నోబెల్ పంచి ఇచ్చారు. ఎనిమిది వేలు అని రాసినందుకు ఎవరూ ఎక్సెల్ షీటు అనలేదు. కిమ్ స్టాన్లీ రాబిన్సన్ 'అరోరా'లో ఇరవై నాలుగు బయోముల్లో రెండు వేల మంది, బిడ్డను కనడానికి అనుమతి కావాలి, ఆ అనుమతి దొరకని కోపం తరాలు దాటుతుంది. రివర్స్ సాలమన్ 2017 నవల 'యాన్ అన్‌కైండ్‌నెస్ ఆఫ్ గోస్ట్స్'లో ఓడ అంతస్తులుగా ఉంటుంది. కింది అంతస్తులవాళ్ళు నల్లవాళ్ళు, పని వాళ్ళది, చలి వాళ్ళది, వెచ్చదనం పైవాళ్ళది. ఆ నవల చదువుతుంటే నాకు అమెరికా కంటే మా ఊరి వీధుల వరస ఎక్కువ కనబడింది. ఊరికి ఏ దిక్కున ఎవరు, చేతిపంపు ఎవరికి ఎంత దూరం. మనకు ఇంత బాగా తెలిసిన విషయాన్ని వాళ్ళు రాశారు, మనం ఇంకా నక్షత్రాల వెలుగు గురించి రాస్తున్నాం.

ఒక్కటి ఒప్పుకుంటాను. అంకెలు పోగేసి కథ అనిపించుకునే రాతలూ ఉన్నాయి. ఇంజన్ టన్నులు, వేగం, ఇంధనం, ఆపైన ఒక ప్రేమ. మా ఇంజనీర్లే రాస్తారు అవి, నేనూ రెండు రాసి పారేశాను. అక్కడ జబ్బు అంకెలతో కాదు, తప్పుడు అంకెలతో. ఓడ వేగం ఎంతో చెప్తారు, బకెట్లు ఎన్నో చెప్పరు. నా స్నేహితురాలి పేరాలో వేగం ప్రస్తావనే లేదు. 48 లీటర్లు ఉంది. మా ఇంటి బిందెలతో అయితే మూడు బిందెల పైన. ట్యాంకరు వచ్చినప్పుడు బిందెలు వరసలో పెట్టి కాపలా ఉన్నవాళ్ళకు, రోజుకు మూడు బిందెలు ఎక్కడికీ తిరిగి రాకుండా చీకట్లో కలిసిపోవడం అంటే ఏమిటో వేరే వర్ణన అక్కర్లేదు. ఆ ముసలామె దుఃఖం ఆ అంకెలో ఉంది. ఆ పేరా తీసేశాక కథలో ఆమె కిటికీలోంచి నక్షత్రాలు చూస్తూ నిట్టూరుస్తుంది. ఎవరైనా నిట్టూరుస్తారు.

కథ ఆ పేరా లేకుండానే ఒక సంకలనానికి పోయిందట. మొన్న ఆమెకు ఫోన్ చేశాను. మ్యూట్‌లో ఉన్నందుకు సారీ చెప్పి, పేరా మళ్ళీ పెట్టమన్నాను. చూస్తానంది. ఇంకో సందేహం కూడా అడిగాను. ఆరు వందల మందిలో ఆ ముసలామె ఏ అంతస్తులో ఉంటుంది, గదిలో ఒక్కతేనా, ఎవరితోనైనానా అని. కాసేపు ఆగి, 'ఆమెకి నేనింకా గది కట్టలేదు' అంది.